గార్డు పుస్తకంలో రాగి జావ

మొన్న బుధవారం మా మనవరాలు రైలుబొమ్మ గీయడానికి కాగితం కావాలని ఇల్లంతా గాలించి, చివరికి బీరువా అడుగున పాత దుప్పట్ల కింద పడున్న ఒక పొడుగాటి పుస్తకాన్ని లాక్కొచ్చింది. అది నా ఉద్యోగంలో మిగిలిపోయిన రఫ్ జర్నల్. గూడ్సు బండికి గార్డుగా ఉన్నవాడు ఏ స్టేషన్లో ఎన్నింటికి ఆగాడో, ఎన్నింటికి కదిలాడో, ఆలస్యమైతే ఎందుకైందో రాసుకునే పుస్తకం. నేను రిటైరైన కొంతకాలానికి గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజరు అన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే నేనూ మేనేజర్ని అయ్యేవాణ్ణని మా ఆవిడ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఏ బండి వివరాలున్నాయో చూద్దామని తెరిస్తే, నా చేతిరాతలోనే ఇలా ఉంది: "8.10. రాగి జావ. రెండు చెంచాలు లోపలికి, మూడు చెంచాలు బయటికి. కారణం తెలియదు." పేజీ తిప్పాను. "11.30. పెసరపప్పు ఉగ్గు. ఆలస్యం నలభై నిమిషాలు. కారణం తెలియదు." ఇంకో పేజీలో క్యారెట్, దాని కింద గుడ్డు సొన, దాని కింద మళ్ళీ అదే ముక్క. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో కారణం తెలియదని నేనెన్నడూ రాయలేదు. రాస్తే పైవాళ్ళు ఊరుకోరు. మనవరాలి విషయంలో మాత్రం పుస్తకం సగం దాకా అదే రాసుకున్నాను.

మూడేళ్ళ కిందటి మాట ఇది. చలి వెనకపట్టి, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, పది నెలల పిల్లని పగలంతా చూసుకునే పని నా నెత్తిన పడింది. పడింది అనడం కన్నా నేనే ఎత్తుకున్నాననడం న్యాయం. మా అమ్మాయికి ముత్తుకూరు అవతల, పోర్టు పనులు చూసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయ్యాక నాలుగేళ్ళు పరీక్షలు రాసి, ఇంటర్వ్యూలకు తిరిగి, ఇక రాదులే అనుకున్నాక వచ్చిన ఉద్యోగం. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. పొద్దున్నే మా బిట్రగుంటలో బండెక్కి, నెల్లూరులో దిగి, అక్కణ్ణించి కంపెనీ బస్సు పట్టుకుంటే గాని వేళకు చేరదు. దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తుంది. అల్లుడి ఉద్యోగం చెన్నైలో, ఆదివారాలు కనిపిస్తాడు. పాపను చూసుకుంటానన్నది మా ఆవిడ. రెండు వారాలు చూసుకుంది కూడా. అంతలో నాయుడుపేటలో వాళ్ళక్క వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆవిడకు వెనకాముందూ ఎవరూ లేరు. మా ఆవిడ సంచి సర్దుకుంటూ, "నెలన్నరలో వచ్చేస్తా. పాపకి టైముకి తినిపించండి, చాలు" అంది. టైము అనే మాట చెవిన పడగానే నాకు కొండంత ధైర్యం వచ్చింది. ప్రపంచంలో నాకు బాగా తెలిసిన సంగతి అదొక్కటే.

చిక్కు ఆ మర్నాటి నుంచే మొదలైంది. మా అమ్మాయి ఫోన్లో ఎక్కడెక్కడో చదివి, ఒక పట్టీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి వెళ్ళింది. ఏడాది నిండేదాకా ఉప్పు వద్దు, చక్కెర వద్దు, బెల్లం వద్దు, తేనె మాటే ఎత్తొద్దు. ముద్ద మెత్తగా ఉండాలి గాని మరీ మెత్తగా ఉండకూడదు. పాప తనంతట తాను పట్టుకుని తినేలా వేలెడేసి ముక్కలు కోసివ్వాలి గాని, గొంతుకడ్డం పడేవి ఇవ్వకూడదు. ఇది చదివి ఒక దారికొచ్చేలోగా నాయుడుపేట నుంచి ఫోను. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, చిటికెడు వాము వేసి పొడి కొట్టుకోవాలట. అది పల్చగా ఉడికించి, నెయ్యి వేసి, రెండు ఉప్పు కళ్ళు తగిలించాలట. "ఉప్పు వద్దని రాసుందే" అంటే, "ఉప్పు లేకుండా మీరు తింటారా?" అంది. తినను. కాని రాసింది రాసినట్టు నడుచుకోవడం తప్ప ఇంకోలా బతకడం నాకు అలవాటు లేదు. ఈ గొడవంతా ఎందుకని బజారుకు పోయి ఒక డబ్బా చూశాను. డబ్బా మీద బొద్దు పిల్ల నవ్వుతోంది. ధర చూస్తే నాకు నవ్వు రాలేదు. ఫోన్ చేసి అడిగితే, "దాంట్లో అంతా చక్కెరే నాన్నా, తేవద్దు" అంది మా అమ్మాయి. ఆ డబ్బా డబ్బుతో మా ఇంటికి నెల రోజుల రాగులు, పెసరపప్పు వస్తాయి. అవే తెచ్చాను.

రాగులు నానబోసి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తిస్తే బిడ్డకి బలమని మా అమ్మాయి పట్టీలో ఉంది. గుడ్డ అని రాసుంది గాని ఏ గుడ్డో రాయలేదు. ఇంట్లో నాకు చేతికందిన మంచి గట్టి గుడ్డ ఒక్కటే, నా పచ్చజెండా. దాన్ని రెండుసార్లు ఉతికి, రాగులు మూటకట్టి, వంటింటి కిటికీకి వేలాడదీశాను. రెండో రోజుకి మొలకలు వచ్చాయి, ఆకుపచ్చగా. అది మొలక రంగో, జెండా రంగో ఎంతసేపు చూసినా తేలలేదు. కళ్ళజోడు తుడుచుకుని చూశాను, ఎండలో పెట్టి చూశాను, చివరికి గేదెల వాళ్ళకి ఇచ్చేద్దామనుకుని, గేదెకైనా ఎందుకులే అని మట్టిలో పారబోశాను. రెండోసారి తెల్ల పంచె ముక్కలో కట్టాను. అవి మొలకెత్తి, నీడన ఆరి, మూకుట్లో వేగి, మర నుంచి పిండై వచ్చేసరికి వారం గడిచింది. వేగుతున్న రాగుల వాసనకి మా వీధి వీధంతా తలుపులు తీసి చూసింది. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ జావే రెండు చెంచాలు లోపలికి, మూడు చెంచాలు బయటికి.

నేను పాపకు తినిపించిన పద్ధతి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఎనిమిదీ పదికి జావ, పదకొండు కాకముందు ఉగ్గు, మధ్యాహ్నం మెత్తటి పప్పన్నం, మూడింటికి ఉడికించిన చిలగడదుంపో, అరటిపండో. పాపని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఈ పుస్తకం, పెన్ను, గోడగడియారం కనిపించేలా నేను. మొదటి రోజు విజిల్ కూడా ఊదాను. పాప జడుసుకుని ఏడ్చింది కాబట్టి ఆ ముచ్చట అంతటితో ఆగింది. చెంచా నోటి దాకా పోయేది, పాప మొహం పక్కకి తిప్పేది. నేను అటు వెళ్తే ఇటు, ఇటు వస్తే అటు. చివరికి ఆ గిన్నెలో మిగిలింది పారెయ్యడానికి చేతులు రాక నేనే తాగేవాణ్ణి. ఉప్పూ తీపీ లేని చల్లారిన రాగి జావ. నా కోసం వేరే అన్నం వండుకునే ఓపిక ఎక్కడిది? గిన్నెలు తోమేలోగా తరవాతి బండి వేళ అయ్యేది.

మా వసారాలోకి రోజూ ఎనిమిదిన్నరకి ఒకామె వచ్చేది. జువ్వలదిన్నె నుంచి షేర్ ఆటోలో చేపల గంపతో వచ్చి, రైల్వే కాలనీ వీధులు తిరిగి అమ్ముకునేది. మొట్టమొదట మా వసారాలో గంప దించి, కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఆమెకి ఇరవై ఏళ్ళ అలవాటు. మా ఆవిడ అక్కా అని పిలుస్తుంది కాబట్టి మా అమ్మాయికీ అక్కే, నాకూ అక్కే. నాకన్నా ఆరేడేళ్ళు చిన్నదైనా చేపలక్కే. ఒకరోజు నేను ఉడికించిన వేరుశెనగ గింజలు నాలుగు పాప చేతిలో పెట్టబోతుంటే ఆమె గుమ్మం దగ్గర్నుంచే కేకేసింది.

"ఏంది సారూ, బిడ్డకి శెనక్కాయ గింజలు పెడతా ఉండారా? గొంతులో అడ్డం పడితే మీ ఈల ఊదితే బయటికొస్తాదా?"

గింజలు లాక్కున్నాను. పట్టీలో గొంతుకడ్డం పడేవి వద్దని ఉంది. వేరుశెనగ బలమనీ ఉంది. రెండూ ఒకే కాగితం మీద, ఒకే చేతిరాతలో. గింజల్ని మెత్తగా నూరి జావలో కలపాలని అందులో అర్థమట. అదేదో విడమరిచి రాయొచ్చుగా. చేపలక్క పాపని ఒళ్ళోకి తీసుకుని, "మీరు లోపలికి పోయి మీ పని చూసుకోండి, నేను కూసేపు ఆడిస్తా" అనేది. నేను వంటింట్లోకి పోయి పదకొండు గంటల ఉగ్గు కోసం గరిటె పట్టుకునేవాణ్ణి. పుస్తకంలో రోజూ రాసేవాణ్ణి: "8.40 నుంచి 9.10. చేపలక్క. వసారాలో ఆట."

పాప తింటోందో లేదో నా కళ్ళకు తేలడం లేదు కాబట్టి, తేల్చే యంత్రం కోసం చూశాను. అంగన్‌వాడీలో తూకం వేస్తారని తెలుసు. కాని అక్కడ కొక్కేనికి జోలె తగిలించి తూచే స్ప్రింగు కాటా అది. ముప్ఫై ఏళ్ళు సరుకు బళ్ళ వెంట తిరిగినవాణ్ణి, వేలాడే కాటాను నేను నమ్ముతానా? స్టేషను పార్సిల్ గదిలో ఇనప పలక ఉన్న పాత కాటా ఉంది. అక్కడి ఉద్యోగి నా దగ్గర పని నేర్చుకున్నవాడే, కాదనలేదు. పాప ఆ ఇనప పలక మీద ఒక్కతే కూర్చోనంది. అందుకని మొదట నేను ఒక్కణ్ణే ఎక్కాను, అరవై ఎనిమిది కిలోలు. తరవాత పాపని ఎత్తుకుని ఎక్కాను, డెబ్బై ఆరు కిలోల రెండు వందల గ్రాములు. తీసివేస్తే పాప ఎనిమిది కిలోల రెండు వందలు. అంతా పుస్తకంలో రాశాను. ఆ తరవాత ప్రతి సోమవారం పాపని ఎత్తుకుని ఎక్కడం, అందులోంచి అరవై ఎనిమిది తీసేయడం. నన్ను మళ్ళీ తూచుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ మెడికల్ పరీక్షలోనైనా నా బరువు అరవై ఎనిమిదే. అది నా ఇంటిపేరులా మారని సంగతని అనుకున్నాను.

రెండో సోమవారం పాప బరువు వంద గ్రాములు తగ్గింది. మూడో సోమవారం ఇంకా తగ్గింది. ఇంటికొచ్చి పాపని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తే బాగానే ఉంది. బుగ్గలు బుగ్గల్లాగే ఉన్నాయి. పాకుతోంది, గిన్నెలు మోగిస్తోంది, నా కళ్ళజోడు పీకుతోంది. కాటా మాత్రం తగ్గిందంటోంది. పోయిన నెల కొన్న గౌను గుండీలు పట్టకపోతే, నేనే ఉతికాను కదా, బట్ట కుంచించుకుపోయింది అనుకున్నాను. అదే వారంలో నా ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి మేకుతో ఇంకో బెజ్జం పొడుచుకుని, తోలు పాతబడితే సాగుతుంది కదా అనుకున్నాను. ఇంత తెలివైనవాణ్ణి రైల్వే అన్నేళ్ళు ఎలా భరించిందో! డాక్టరు దగ్గరికి తీసుకుపోదామా అంటే ఏమని చెప్పాలి? పిల్ల హుషారుగా ఉందండీ, అదే జబ్బు అనా? అయిదో వారానికి పుస్తకంలో పాప బరువు ఏడు కిలోల నాలుగు వందలు. కళ్ళు చెప్పేది నమ్మాలా, కాటా చెప్పేది నమ్మాలా తెలియక తల పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఆదివారం పొద్దున మా అమ్మాయి పుస్తకం చూసింది. నేను చూపించలేదు, దాచనూ లేదు. పాపకి తల దువ్వుతూ పేజీలు తిప్పుకుంటూ పోయి, సోమవారాల దగ్గర ఆగింది. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. దువ్వెన కింద పెట్టేసింది.

"ఇట్టా అయితే కుదరదు నాన్నా. బిడ్డ ఎండిపోతా ఉంటే నేను అక్కడ కూర్చుని కంప్యూటర్ చూసుకుంటా ఉండాలా? శనివారం పోయి కాగితం ఇచ్చేస్తా."

"ఖాయం చెయ్యడానికి ఇంకో నెలే కదా ఉంది."

"నెలలో ఇంకెంత తగ్గిపోతాదో!"

నిజానికి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగేళ్ళు ఈ పిల్ల పుస్తకాల ముందు కూర్చుని రాసుకోవడం నాకు తెలుసు. ఉద్యోగం వచ్చిన రోజు స్టేషను దాకా నడిచి వెళ్ళి, వచ్చే పోయే బళ్ళన్నీ చూసి వచ్చింది, ఇక నేనూ రోజూ ఎక్కుతానని. ఆ పిల్ల చేత ఉద్యోగం మానిపించేది నా చేతి వంటా?

మధ్యాహ్నం నాయుడుపేటకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి, "నువ్వు వచ్చెయ్యి, నా వల్ల కావడం లేదు" అన్నాను. మా ఆవిడ అన్న మాటలు ఈ పుస్తకంలో లేవు గాని నాకు బాగా గుర్తున్నాయి.

"అక్క ఇంకా లేవలేకుండా ఉంది, ఇప్పుడెట్టా వచ్చేది? మీరు మాత్రం దాని చేత మానిపించొద్దు. నేను మానేసినప్పుడు మీరు గూడూరు వైపు బండిలో ఉన్నారు. తిరిగొచ్చి, కూర బాగుంది అన్నారు."

మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు మా ఆవిడ కావలిలో ఒక చిన్న బడిలో టీచరు. ఆ మాట గుర్తుంది. బస్సు ప్రయాణం పడక మానేసిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఎవరు చెప్పారు అలా అని? ఆమె చెప్పలేదు. నేను అడిగిన జ్ఞాపకమూ లేదు. అప్పుడూ పిల్ల సరిగ్గా తినడం లేదని మానేసిందట. ఆ సంగతి ముప్ఫై ఏళ్ళ తరవాత ఫోన్లో తెలిసింది. ఆ రోజు తిన్న కూర ఏదో గుర్తు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా తట్టలేదు.

శనివారం లోగా ఏదో ఒకటి చెయ్యాలి. సోమవారం కాటాకి పోవడానికి భయమేసి పోలేదు. ఆ రెండు మూడు రోజులు నేను చెయ్యని చిరుతిండి లేదు. మాగిన అరటిపండు మెదిపి, రాగి పిండిలో కలిపి, పెనం మీద రూపాయి బిళ్ళలంత అట్లు వేశాను. పెసరపప్పు రుబ్బి బుల్లి ఇడ్లీలు వేశాను. గుమ్మడికాయ ముక్కలు ఆవిరి మీద ఉడికించాను. ఖర్చు చూస్తే ఏమీ లేదు, పనే పుట్టెడు. పాప ఒక అట్టు తీసుకుని నేలకేసి కొట్టింది, ఒకటి కొరికి నా జేబులో పెట్టింది. మిగిలినవి నేను తిన్నాను. మంగళవారం మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని ఎందుకో ఏడుపొచ్చింది. పాప పాక్కుంటూ వచ్చి నా మోకాలు పట్టుకుని నిలబడింది. అది తనంతట తాను నిలబడడం అదే మొదటిసారి. నేను ఆ సంగతి పుస్తకంలో రాయడం మర్చిపోయాను.

బుధవారం పొద్దున చేపలక్క గంప దించి, నా మొహం చూసింది. సంగతి అడిగింది. చెప్పాను. పాప బరువు తగ్గిందన్న మాట దగ్గర ఆమె చెయ్యెత్తి నన్ను ఆపేసింది.

"ఈ బిడ్డా? తగ్గిందా? నా తొడ మీద కూర్చోబెట్టుకుంటే పోయిన నెల కన్నా బరువుండాది. పదండి, అంగన్‌వాడీకి పోదాం. ఈ పొద్దు తూకాలు ఏస్తారు."

"అది వేలాడే కాటా అక్కా, దాన్ని నమ్మలేం."

"ఆ ఏలాడేదాంట్లోనే నా ముగ్గురు బిడ్డల్ని తూచినారు. లెయ్యండి."

గంప మా వసారాలోనే వదిలేసి, పాపని చంకనేసుకుని ముందు నడిచింది. అంగన్‌వాడీ టీచరు పాపని జోలెలో కూర్చోబెట్టి, ముల్లు ఆగేదాకా చూసి, ఎనిమిది కిలోల ఏడు వందలంది. ఎదుగుదల కార్డులో పచ్చ గీత మీద చుక్క పెట్టి, "బాగుంది సార్, ఏం పెడతున్నారు?" అని అడిగింది. నేను వాదనకు దిగాను. మీ స్ప్రింగు సాగిపోయి ఉంటుందన్నాను. ఆమె విసుక్కోకుండా కిలో బరువు రాయి తగిలించి చూపించింది. ముల్లు సరిగ్గా కిలో మీద నిలబడింది. అప్పుడు నా పుస్తకం తీసి చూపించాను. ఆమె చదివి, "ఈ అరవై ఎనిమిది ఎవరు సార్?" అంది.

"నేనే."

"మళ్ళీ ఎప్పుడు చూసుకున్నారు?"

చేపలక్క నా వైపు తిరిగింది. పైనించి కింద దాకా చూసి, బెల్టు దగ్గర ఆగింది. కొత్త బెజ్జం అవతల వేలాడుతున్న తోలు కొస చూసింది. నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది.

నేను అక్కడ నిలబడలేదు. నేరుగా స్టేషనుకి నడిచాను, వెనకాలే పాపతో చేపలక్క. చెప్పులు విప్పి, జేబులో ఉన్న పెన్ను కూడా తీసేసి, ఇనప పలక మీద ఒక్కణ్ణే నిలబడ్డాను. అరవై ఆరు కిలోల ఏడు వందలు. మరోసారి ఎక్కాను. అంతే. తగ్గింది నేను. అయిదు వారాలుగా నా ఒంట్లోంచి కరిగిపోయిందంతా పాప లెక్కలో రాస్తూ వచ్చాను. పాప పెరిగిన అర కిలోని కూడా నా తరుగే మింగేసింది. ఊరట పడాలో, సిగ్గుపడాలో తెలియలేదు. చేపలక్క చంకలో ఉన్న పాప, తన చేతిలో సగం చప్పరించిన గెనుసుగడ్డ ముక్కని నా నోటి కేసి చాచింది. చిలగడదుంపని మా వైపు అలాగే అంటాం. కాటా మీద నిలబడే తిన్నాను.

"అది సరే, నేను పెట్టిందేదీ తినలేదు కదా అక్కా. మరి ఎలా పెరిగింది?" అన్నాను, దారిలో.

చేపలక్క పాపని ఇంకో చంకకి మార్చుకుంది. "మా మనవడికి పొద్దున్నే మెత్తగా అన్నం పిసికి, ముల్లు తీసిన చేప కలిపి పెడతాను సారూ. ఉప్పూ కారం ఏమీ ఎయ్యను. దాంట్లోదే ఒక చిన్న గిన్నెలో తెచ్చేదాన్ని. నేను నా చద్దన్నం తింటా ఉంటే బిడ్డ నా చేతిలో చెయ్యి పెడతాది. ఒక ముద్ద నాకు, ఒక ముద్ద దానికి. చెప్తే మీరు పుస్తకంలో రాస్తారు, మీ అమ్మాయి ఫోన్లో చూసి వద్దంటాదేమోనని చెప్పలా. తప్పైతే అనండి." కాసేపాగి మళ్ళీ అంది, "ఎదురుగా కూర్చుని గడియారం చూస్తా ఉంటే ఏ బిడ్డ తింటాది? మీరు తింటా ఉండారా దానితో?"

వసారాలో ఆట అని నేను రాసిన ఆ అరగంటే పాప అసలు భోజనం. తల్లిపాలు పొద్దునా రాత్రీ ఉండనే ఉన్నాయి. ఇక నా రాగి జావ వల్ల బాగుపడాల్సింది నేను ఒక్కణ్ణే, అదీ బాగుపడలేదు.

కంపెనీలో భోజనం వేళ చూసుకుని మా అమ్మాయికి ఫోన్ చేశాను. తూకం సంగతి, చేపలక్క గిన్నె సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "నువ్వేం తింటున్నావు నాన్నా?" అంది. ఆ సాయంత్రం ఫ్రిజ్ తలుపు మీద పాప పట్టీ పక్కన ఇంకో పట్టీ వెలిసింది. పైన 'నాన్న' అని రాసి ఉంది, కింద అన్నం, పప్పు, రెండు పూటలా అని. శనివారం ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. మరుసటి నెల ఉద్యోగం ఖాయమైంది. ఇప్పటికీ రోజూ బండెక్కుతోంది.

ఆ తరవాత వంట ఏమీ మారలేదు. అవే అట్లు, అవే బుల్లి ఇడ్లీలు, అదే దుంప. చేపలక్క ఉప్పు వెయ్యకుండా ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ళనే చిన్న చేపలు తెచ్చిస్తే తలలు తీసి, వేయించి, పొడి చేసి అన్నంలో కలపడం ఒక్కటే కొత్తగా నేర్చుకున్నాను. గడియారానికి వీపు చేసి, చాప మీద పాప పక్కన నేనూ పళ్ళెం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నా పళ్ళెంలోది తనకి కావాలి, తన ముక్క నా నోట్లో పెట్టాలి. ఎవరు ఎవరికి తినిపించారో తెలియకుండా గిన్నెలు ఖాళీ అయ్యేవి. ఎన్ని చెంచాలో లెక్క తప్పేది. అందుకే ఈ పుస్తకంలో ఆ బుధవారం తరవాత అన్నీ ఖాళీ పేజీలే. మా ఆవిడ తిరిగొచ్చాక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివి, నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీకు బిడ్డ తినకపోవడం కూడా రాసుకునే తీరిక దొరికింది" అంది. మెచ్చుకుందో, దెప్పిందో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

మొన్న బుధవారం మనవరాలు ఆ ఖాళీ పేజీల్లో ఇంజనూ, నలభై పెట్టెలూ గీసింది. గార్డు పెట్టె గీయడం మర్చిపోతే నేను అడిగి గీయించుకున్నాను. పక్కనే మా ఆవిడ ఉడికిన చిలగడదుంపల తొక్క తీస్తోంది. మనవరాలు ముందుకు వంగి ఒక ముక్క అందుకుంటే, వేడి ఊదుదామని మా ఆవిడ దాన్ని తీసుకుని చెయ్యి పైకెత్తింది. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. ఒకప్పుడు ఆ గాజులు తియ్యాలంటే సబ్బు నురగ కావాల్సి వచ్చేది. "ఒకసారి స్టేషను దాకా వస్తావా, కాటా ఎక్కి చూద్దువు గాని" అన్నాను. ఆమె తలెత్తలేదు. "ఇప్పుడు చూసి దేంట్లోంచి తీసేస్తారు?" అంది. నా పుస్తకాలు ఎన్ని వెతికినా ఆమె మొదటి బరువు ఎక్కడా లేదు. కాలం లెక్క ఎప్పుడూ ఇలాగే చూస్తామేమో. చంకన ఉన్న బిడ్డ ఎంత పెరిగిందో కళ్ళారా చూసుకుంటాం. ఎత్తుకున్న మనిషి ఎంత తరిగిందో చూద్దామనుకునేసరికి, తీసివేయడానికి మొదటి అంకె మన దగ్గర ఉండదు.